డ్రమ్ము ఆగవలసిన చోటు

నిన్న నెల్లూరులో ఒక పెళ్ళికి వెళ్తే, పాటలవాళ్ళ ఆంప్లిఫయరు గుయ్యిమంది. అరవైల చివర్లో, అల్లూరు చర్చిలో మాకు పాటలు నేర్పిన బడిపంతులు దేవదానం మాస్టారు తన పాత గిటారుకు మైకుసెట్టు తగిలించిన రోజు కూడా ఇలాగే మోగింది. నేను వారమంతా రైసుమిల్లులో గుమాస్తాని, ఆదివారం మాత్రం డ్రమ్ము వాయించే మహా కళాకారుణ్ణి.

మాస్టారు రేడియోలో ఏదో కొత్త సంగీతం విన్నారు. "అమెరికావోళ్ళు తాతలనాటి పల్లెపాటలకి కరెంటు గిటారూ డ్రమ్మూ పెట్టి పాడతా ఉండారబ్బయా. ఫోక్ రాక్ అంటారంట. మనకి మాత్రం పాటల్లేవా?" అన్నారు.

"పాతపాటకి కొత్త మోత, అంతేగదా సార్?"

"మోత ఎవురైనా పెడతారు. పాట గలవోళ్ళు విని, ఇది మాదే అనాల. లేకుంటే ఉత్త గోల."

సముద్రం ఒడ్డున జువ్వలదిన్నెలో వల లాగేటప్పుడు పాడే పోలయ్యను బతిమాలి ఆ పాట నేర్చుకున్నారు. అందులో చరణానికీ చరణానికీ మధ్య కాసేపు మౌనం ఉంటుంది. "తాడు మీద వెనకబడినోడు అందుకునేదాకా ఆగతారు. ఆడ నువ్వు డ్రమ్ము ముట్టుకోబాక" అని మాస్టారు నాకు పదిసార్లు చెప్పారు.

చర్చి పండుగనాడు సాయంత్రం పోలయ్య ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి చరణానికే జనం ఈలలు వేశారు. నాకు ఒళ్ళు తెలియలేదు. ఆగవలసిన ప్రతిచోటా వాయించేశాను. పాట అయ్యాక పోలయ్య లేచి మాస్టారి వైపు తిరిగాడు.

"మా పాటలో వెనకబడినోడికి చోటుంటది అయివోరా. నువ్వు దాన్ని కొట్టేస్తివి. ఇది మాది గాదు."

మాస్టారు నా వైపు చూడలేదు. "తప్పు నాదే పోలయ్యన్నా" అన్నారు.

ఆ తర్వాత ఆయన గిటారు పట్టలేదు. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి జువ్వలదిన్నె వెళ్ళి, వాళ్ళతోపాటు తాడు లాగేవారు. సుద్దముక్క, గిటారు తప్ప ఏమీ ఎరగని చేతులు బొబ్బలెక్కేవి. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. పోలయ్య తాడు పట్టాడు గాని పాట ఎత్తలేదు. అందరూ మౌనంగానే లాగారు. తిరుగుబస్సులో నేను ఏడ్చాను. "మీరు ఆగమన్నా నేనే వాయించానని పోలయ్యకి నిజం చెప్పేస్తాను సార్" అన్నాను.

"నీకు డ్రమ్ము నేర్పింది నేనేగదబ్బయా" అని, బొబ్బల మీద చేతిరుమాలు చుట్టుకున్నారు.

రెండేళ్ళకు పోలయ్య పోయాడు, మళ్ళీ పాడకుండానే. తర్వాత మాస్టారూ కన్నుమూశారు. ఎవరి తప్పునైనా నోరెత్తకుండా నెత్తిన వేసుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, మిల్లులో అందరూ నన్ను మంచివాడనేవారు. కానీ ఆ రెండేళ్ళూ జువ్వలదిన్నె బస్సు మా మిల్లు ముందే ఆగేది. నా తప్పు ఒప్పుకోడానికి మాత్రం నేను ఎప్పుడూ ఎక్కలేదు.