గంటకి రెండు డిగ్రీలు

నరీన్ అనే కొండ ఊరి బడిలో లెక్కలు చెప్పే జిపార్ టీచరు గీత గీయడానికి స్కేలు వాడదు. మోచేతిని నల్లబల్లకి ఆనించి ఒక్క ఊపులో లాగుతుంది. కోపంగా ఉన్న రోజు సుద్ద విరుగుతుంది. ఈ చలికాలమంతా విరుగుతూనే ఉంది. పాఠ్యపుస్తకంలోని లెక్కలో గది, పొయ్యి వెలిగించాక గంటకి రెండు డిగ్రీలు వేడెక్కుతుంది. ఆమె తొమ్మిదో తరగతి పిల్లలు తమ గదిని వారం రోజులు కొలిస్తే గ్రాఫులో గీత కిందికే దిగింది, సమీకరణంలో మైనస్ వచ్చింది. బడికొచ్చిన బొగ్గంతా హెడ్మాస్టరు గదిలో మండుతోంది. పిల్లల కోట్లేమో, బడి నియమం ప్రకారం, గుమ్మం దగ్గర కొక్కేలకి వేలాడుతున్నాయి.

తనిఖీ రోజున హెడ్మాస్టరు నల్లబల్ల మీది సమీకరణం చూసి గొణిగాడు. "ఆ మైనస్ చెరిపెయ్యమ్మా, పరువు పోతుంది."

"బొగ్గు పంపండి, అదే పోతుంది."

అధికారి రాగానే, అతిథికి చేసే మర్యాద తప్పకుండా, ఆమె ఆయన గొర్రెతోలు కోటు తనే విప్పించి, తలుపుకి దూరంగా పెద్దల చోట కూర్చోబెట్టింది. కోటు తీసుకెళ్లి కొక్కేనికి తగిలించి వచ్చి పాఠం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలకి ఆయన చేతులు రుద్దుకున్నాడు.

"అమ్మా, నా కోటు తెప్పిస్తావా?"

"కూర్చోండి," అంది జిపార్, ఆయన వైపు తిరగకుండానే. "మా పిల్లలకి కోట్లు ఆరో పీరియడ్ అయ్యాకే ఇస్తారు."