టికియాపారాలో అరిగిపోయిన ఇత్తడి రేకు

సూర్యారావుగారు ఫోన్ చేసి, తానెవరో చెప్పకుండానే, "అమ్మా, అరిగిపోయిన అచ్చరాలు మీరు సదవగలరంట, నిజమేనా?" అని అడిగారు. నేను విజయనగరంలో పాలిటెక్నిక్ పిల్లలకు మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పాత మిలిటరీ జీపుల పిచ్చి ఉద్యోగంలో ఉండగానే పట్టుకుంది. ఆ ఇంజిన్ల మీదుండే చిన్న రేకులు చదివి పెట్టడం ఇప్పుడు నాకు కాలక్షేపం. ఇంజిను అరిగిపోతే సైన్యం దాన్ని పారెయ్యదు. వర్క్‌షాపులో పూర్తిగా విప్పి, సిలిండర్లు కొత్త కొలతకు తొలిచి, బేరింగులు మార్చి మళ్ళీ బిగిస్తారు. ఏ ఏడాది బాగుచేశారో, ఏ కొలతకు తెచ్చారో ఒక రేకు మీద గుద్ది, దాన్ని ఇంజినుకు రివెట్లతో కొడతారు.

సూర్యారావుగారి వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి హౌరాకు వెళ్ళిపోయిన కుటుంబం. ఆయన టికియాపారా రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు సైన్యం ఇంజిన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తన చేత్తో కట్టిన ఇంజిను అందులో ఉందని చెప్పి, తర్వాత సైన్యం వేలంలో ఒక పాత జీపు కొన్నారట. ఇప్పుడు జీపు పెట్టుకున్న రేకుల షెడ్డు ఈ నెలాఖరుకు కూల్చేస్తున్నారు. కలకత్తా న్యూ టౌన్‌లో ఉండే నవీన్ అనే హైదరాబాదు కుర్రాడు బండి తీసుకుంటానన్నాడు. అతనికి జీపు అచ్చం యుద్ధంనాటి జీపులా ఉండాలి. ఇంజిను ఆనాడు కట్టిందేనని తేలితే ఉంచుతాడు, లేకపోతే తీసేసి వేరేది ఎక్కిస్తాడు.

"రేకు సూస్తే అద్దంలాగున్నాదమ్మా, ఒక్క అచ్చరం లేదు. నాన్న ఇంజిను తుక్కులోకి ఎల్లిపోతాది" అన్నారు ఆయన. నేను ఫోన్ పెట్టేసి టికెట్టు చూసుకున్నాను.

"పాత ఇనపసామాన్లవాడు కూడా ఇంత దూరం వెళ్ళడు" అన్నారు మా ఆయన, సంచిలో పులిహోర పొట్లం పెడుతూ. శుక్రవారం సాయంత్రం విజయనగరంలో రైలెక్కాను. కింది బెర్తే దొరికింది. ఎదురుగా ఖరగ్‌పూర్‌లో దిగే తెలుగావిడ, నాకంటే కొంచెం చిన్నది.

"కాళీఘాట్ గుడికాండీ?" అని అడిగింది.

"కాదమ్మా, ఒక ఇంజిను చూడ్డానికి."

"రైలింజినేటి?"

"జీపుది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఇంకేమీ అడక్కుండా తన ఉడకబెట్టిన గుడ్డు ఒకటి నా చేతిలో పెట్టింది. జాలిపడిందని అర్థమైంది. గుడ్డు బాగానే ఉంది, తిన్నాను.

పొద్దున్న ఏడున్నరకు హౌరా చేరాల్సిన బండి ఎనిమిదిన్నరకు చేరింది. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: బయట టాక్సీవాళ్ళ పిలుపులకు ఆగొద్దు. స్టేషను దగ్గరే మెట్రో ఉంది, గంగ కిందనుంచి పోతుంది. ఎస్ప్లనేడ్‌లో మారితే భవానీపూర్ ఎంతోసేపు పట్టదు. అక్కడ ఒక పాత లాడ్జిలో మూడో అంతస్తు గది తీసుకున్నాను. లిఫ్టు లేదు, దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. స్నానం చేసి, కింద వీధిలో కచోరీలు, బంగాళాదుంప కూర తిని, మట్టిముంతలో టీ తాగి మళ్ళీ హౌరాకు బయల్దేరాను. టికియాపారాకు లోకల్ రైలు ఉంది. పక్క స్టేషనే, సీటు కోసం వెతుక్కునేలోపే దిగాలి.

పదకొండింటికి వాళ్ళ సందు దొరికింది. తలుపు తీసింది సూర్యారావుగారి భార్య రత్నమ్మగారు. "వొచ్చీసేరా అమ్మా, కూకోండి" అని కుర్చీ తుడిచింది. లోపల మంచం మీద కూర్చున్న సూర్యారావుగారు నాకు నమస్కారం పెట్టి, "ఆవిడకి టీ పెట్టమని సెప్పండమ్మా" అన్నారు. ఆవిడ మా ఇద్దరి మధ్యే నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇక్కడే ఉన్నారుగా, మీరే చెప్పండి బాబాయిగారూ" అన్నాను. ఆయన గోడమీది క్యాలెండరు వైపు తల తిప్పుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళి అడిగితే రత్నమ్మగారు చెప్పింది. "నెలయిందమ్మా మాటల్లేవు. ఏటేటా బిస్వకర్మ పూజకి బండి కడిగి, ఆ రేకుని సింతపండూ ఇటికపొడీ ఏసి తోమీదాన్ని. పూజలో ఇత్తడి నల్లగుంటే బాగుంతాదా? మా అత్త తోమింది, నానూ తోమేను. అచ్చరాలున్నాయని తెల్సు, అయి అరిగిపోతాయని నాకేటి తెలుస్తాది?"

కలకత్తాలో ఆ రోజు రిక్షా నుంచి లేతు మిషను దాకా అన్నిటికీ పూజే. ఇత్తడి కనిపిస్తే చింతపండు వెతుక్కునే చెయ్యి మన ఆడవాళ్ళది. నేను ఈ రేకుల మీద ఇన్నేళ్ళు తలకాయ పగలగొట్టుకున్నదాన్నే గానీ, ఆ ఇంటి కోడలినై ఉంటే నేనూ తోమేదాన్నే. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ స్టవ్ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

ఇంతలో నవీన్ న్యూ టౌన్ నుంచి క్యాబ్‌లో వచ్చాడు. మర్యాద తెలిసిన పిల్లాడు, సూర్యారావుగారి కాళ్ళకు దండం పెట్టాడు. ముగ్గురం షెడ్డులోకి వెళ్ళాం. జీపు బానెట్టు ఎత్తితే రేకు నిజంగానే ధగధగలాడుతోంది. అందులో నా కళ్ళజోడు కనిపించింది గానీ ఒక్క గీత కనిపించలేదు.

"ఇగ కష్టమే గదా మేడమ్?" అన్నాడు నవీన్.

"ముందువైపు కష్టమే. వెనకవైపు చూద్దాం" అన్నాను.

పద్ధతి పెద్దదేం కాదు, ఎవరైనా చెయ్యొచ్చు. రేకు మీద అచ్చువేసిన మాటలు తోమితే పోతాయి. కానీ అంకెలు సుత్తితో గుద్దినవి. పల్చటి రేకు కాబట్టి దెబ్బ పడిన చోటల్లా వెనక్కి ఉబ్బుతుంది. ఆ వెనకవైపు ఇంజినుకు అతుక్కుని ఉంటుంది, ఏ చింతపండూ అక్కడికి పోదు. నవీన్ టార్చి పట్టుకున్నాడు. నేను రివెట్ల తలలు మెల్లగా డ్రిల్లుతో తీసేశాను. రేకు ఊడి వచ్చింది. వెనక నల్లటి జిడ్డు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే బొటనవేలికి చిన్న చిన్న బొడిపెలు తగిలాయి.

"ఉన్నాయి" అన్నాను. సూర్యారావుగారు స్టూలు మీంచి లేచారు. రత్నమ్మగారు షెడ్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే ఆగింది.

పల్చటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దాను. అంకెలు తిరగబడి వచ్చాయి. కాగితం తిప్పి వెలుతురుకు పెడితే తిన్నగా కనిపించాయి. సిలిండర్ల కొలత దొరికింది, బేరింగుల కొలత దొరికింది. ఇక మిగిలింది సంవత్సరం. చివరి రెండంకెలే గుద్దుతారు. మొదటిది నాలుగైతే యుద్ధకాలం, నాన్నగారి ఇంజిను బండిలోనే ఉంటుంది. నాలుగే రావాలని నేను పైకే అనుకున్నాను. పెన్సిలు కింద ఒక వంపు లేచింది. నాలుగుకు వంపు ఉండదు. నా కళ్ళ మీద నాకే అనుమానం వచ్చి ఇంకో కాగితం తీసి రుద్దాను. ఆరే. దాని పక్కన ఒకటి.

"అరవైఒకటి, బాబాయిగారూ. యుద్ధంలో ఒకసారి కట్టి ఉండొచ్చేమో నాకు తెలీదు. ఈ రేకు చెప్పేది మాత్రం అరవైఒకటే" అన్నాను. అబద్ధం చెప్పాలన్న ఆలోచన రాలేదని అనను. కానీ అబద్ధం నాకు చేతకాదు.

నవీన్ టార్చి ఆర్పేశాడు. "సారీ అంకుల్. గట్లైతే నేను వేరే ఇంజనే ఎక్కియ్యాలె."

సూర్యారావుగారు అతని మాట విన్నట్టు లేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని వెలుగుకేసి పట్టుకున్నారు. "అరవైఒకటా? నాకప్పుడు పదేళ్ళు. నాన్నకి క్యారేజీ నానే అట్టుకెల్లీవోణ్ణి. దర్వాను లోనకి రానిచ్చీవోడు కాదు. నాన్న నూనె సేతుల్తో గేటు కాడికొచ్చి తీసుకునీవోడు. ఏటి సేస్తన్నావు నాన్నా అంటే, ఇంజిను కడతన్నాన్రా అనీవోడు." ఇంజిను మీద చెయ్యి వేశారు. "అది ఈ ఇంజినే. యుద్ధం అని గొప్పకి సెప్పుంటాడు. ముసలోడికి గొప్పలు జాస్తి." నవ్వుతూనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

తర్వాత నవీన్ వైపు తిరిగి, "బండి తీసుకెల్లు బాబూ. ఇంజిను మాత్రం ఇక్కడ ఇడిసీ" అన్నారు.

"ఏడ పెడ్తరు అంకుల్? మస్తు బరువుంటది."

ఆయన గుమ్మం వైపు చూశారు. "రత్నం, వరండాలో నీ బియ్యం డ్రమ్ములు జరిపి సోటిస్తావేటి?"

ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "జరిపీత్తాను" అంది. ఆ వెంటనే, "మరి రేకు తోముకోవచ్చేటి?" అని అడిగింది.

"తోముకో. సదవాల్సింది సదివీసేం గదా" అన్నారు ఆయన.

రేకును నాలుగు చిన్న మరలతో మళ్ళీ బిగించాను. ఇంజిను తానే దింపించి ఇస్తానన్నాడు నవీన్. రత్నమ్మగారు చేపల పులుసుతో భోజనం పెట్టింది. ఆ పూట టీ పెట్టమనీ, ఉప్పు తెమ్మనీ, ఫ్యాను పెంచమనీ సూర్యారావుగారు భార్యను పిలుస్తూనే ఉన్నారు. నెల రోజుల బాకీ తీర్చుకుంటున్నారనుకుని ఊరుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం హౌరాలో తిరుగు రైలెక్కాను. సూర్యారావుగారు ప్లాట్‌ఫారం దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, బండి కదిలేదాకా చేతులు జోడించే ఉన్నారు. వాళ్ళ నాన్న మాట నిజం కాదని చెప్పి వెళ్తున్నదానికి ఆ దండం ఎందుకో, నాకు చాలాసేపు ఇబ్బందిగా ఉంది. భవానీపూర్‌లో గది తీసుకుని పక్కనే ఉన్న కాళీఘాట్ చూడకుండా వచ్చానని తెలిసి, పక్క బెర్తాయన నన్ను పరమ నాస్తికురాలిగా లెక్కగట్టాడు. బాలాసోర్ దాటాక కిటికీకి తల ఆనించి కాసేపు ఏడ్చాను. బాధతో కాదు, మనసు నిండి.

తెల్లవారకముందే విజయనగరం వచ్చింది. మా ఆయన స్కూటరు దగ్గర నిలబడి ఉన్నారు. సంచి అందుకుంటూ, "ఏమైంది, ఆ ఇంజిను యుద్ధానిదేనా?" అని అడిగారు.

"కాదు, వాళ్ళింటిది" అన్నాను.