చెల్లుకు చెల్లు చేసిన కొత్త కోడలు

పోయిన వారం మా కింది వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి సాయంత్రం పూట మెట్లెక్కి వచ్చి, పాలు తోడు పెట్టడానికి కాస్త పెరుగు ఉంటుందా అని అడిగింది. చిన్న గిన్నెలో రెండు చెంచాలు వేసి ఇచ్చాను. మర్నాడు తొమ్మిదింటికల్లా మా గుమ్మం ముందు ఒక సంచి, అందులో అర లీటరు పెరుగు ప్యాకెట్, పక్కనే కడిగి తుడిచిన నా గిన్నె. ఫోన్లో తెప్పించిందట. మీ పెరుగు మీకు ఇచ్చేశాను ఆంటీ అని మెట్ల మీది నుంచే చెప్పి ఆఫీసుకు దిగిపోతుంటే నాకు నవ్వు ఆగలేదు. పాపం, తనేదో తప్పు చేసిందేమోనని ఆ పిల్ల బిక్కమొహం వేసింది. తప్పేమీ లేదు తల్లీ, నీ వయసులో నేను అచ్చం ఇలాగే చేసి పండిన చేనును నీళ్లపాలు చేయబోయాను అని చెప్పాలనిపించింది గానీ, ఆమెకు బస్సు టైమైంది. నా ఈడు వాళ్లకైతే తీరిక ఉంటుంది కనుక మీకు చెబుతున్నాను.

మా పుట్టిల్లు బీదరు పట్నంలో. మా అమ్మ దవాఖానాలో నర్సుగా చేసేది. నాన్న మా చిన్నప్పుడే పోతే, అప్పట్లో నాలుగు గింజల సాయం చేసిన చుట్టాలు తర్వాత ప్రతి పెళ్లిలో, ప్రతి ప్రార్థన కూటంలో ఆ మాట చెప్పుకొన్నారట. ఆ మంట అమ్మకు చివరిదాకా చల్లారలేదు. ఎవరిదీ మన మీద ఉండకూడదు అన్నది మా ఇంట్లో పదకొండో ఆజ్ఞ. రంజాన్ నాడు పక్కింటివాళ్లు షీర్ ఖుర్మా పంపితే, ఆ గిన్నె వేడి చల్లారకముందే అమ్మ అందులో ఏదో ఒకటి నింపి మా చేత తిరిగి పంపేది. ఇచ్చినవాళ్లు ఊపిరి తీసుకోవడానికి కూడా మేము వ్యవధి ఇచ్చేవాళ్లం కాదు. నేను ఆ పద్ధతిని చాలా గొప్పదనుకుని, చీరలూ సామానుతో పాటు దాన్ని కూడా మూటగట్టుకుని అత్తగారింటికి వెళ్లాను.

అత్తగారి ఊరు జనవాడ దాటి ఇంకాస్త లోపలికి. మా ఆయన కమలనగర్ దగ్గర బడిలో మాస్టారు, శనివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేవారు. మామగారు అప్పటికే కాలం చేశారు. మూడెకరాల చేను, ఒక బర్రె, మా అత్తమ్మ. ఆ మూడింటికీ తోడు నాలుగో దాన్ని నేను.

అత్తమ్మ చదువుకున్నది కాదు. కానీ ఆమె కంటికి లోకమంతా ఇచ్చిపుచ్చుకునే బేరంలాగే కనిపించేది, అందులో ఆమెకు బోలెడంత సరదా కూడా ఉండేది. ఎండాకాలంలో గొర్రెల కాపరులు మందను తెచ్చి మా చేనులో నాలుగు రోజులు నిలిపేవారు. ఎరువు చేనుకు, కోసిన జొన్నల మోళ్లు గొర్రెలకు, తూమెడు జొన్నలూ మజ్జిగా కాపరులకు. ఈ బేరంలో నేనే ఎక్కువ రాబట్టానని అత్తమ్మ మురిసిపోయేది, ఊరు దాటాక కాపరులు కూడా అలాగే మురిసిపోయేవారని నా అనుమానం. జొన్న చేనులో గట్టు వార ఒక సాలు పిట్టలకని కోయకుండా వదిలేది, పురుగు ఏరినందుకు అది వాటి కైకిలి, అంటే కూలి, అనేది. బర్రెకు కుడితి పెడుతూ, ఇయ్యాల రెండు ముంతలు ఎక్కువ తాగినవ్, పొద్దుగాల యాదికుంచుకో అని చెవిలో చెప్పేది. చర్చిలో పంటల పండుగకు మొదటి కంకులు తీసుకుపోయి ఇచ్చి, నాదైతే ఇచ్చిన ప్రభువా, ఇగ నీది చూస్తా అని ప్రార్థన ముగించేది. పాస్టరుగారు వినీ విననట్టు ఊరుకునేవారు.

ఇళ్ల మధ్య కూడా అంతే. మా చింతపండు ఎదురింటి వదిన ఇంటికి పోయేది, వాళ్ల ఎండుమిరపకాయలు మాకు వచ్చేవి. అయితే చింతపండు పోయిన చాలా నెలలకు గానీ మిరపకాయలు వచ్చేవి కావు. ఆ నడుమ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ మరిచేవారు కాదు. అన్నిటికంటే పెద్దది బదులు. కలుపుకైనా కోతకైనా మా వాడలో అత్తమ్మతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు ఒకరి చేను తర్వాత ఒకరి చేనుకు కలిసి పోయి పని చేసుకోవడాన్ని బదులు అనేవారు. ఈ రోజు నీ చేనులో నేను, రేపు నా చేనులో నువ్వు. నాకు ఈ ఏర్పాటు చూడముచ్చటగానే ఉండేది గానీ, లోపల్లోపల ఒక్కటే గుబులు. అంతమంది చేసిన పని మన మీద ఉండిపోతుంది కదా అని.

నేను వెళ్లిన మొదటి వానాకాలంలోనే అత్తమ్మ చేను గట్టు మీద జారి పడి చీలమండ బెణికింది. కట్టు కట్టినాయన నెల రోజులు కాలు కింద పెట్టవద్దన్నాడు. ఇంటి పెత్తనం నా చేతికి వచ్చింది. ఇంకేం, మా అమ్మ కూతురిని అనిపించుకున్నాను. వదిన పొద్దున ఉల్లిగడ్డలు ఇస్తే మధ్యాహ్నానికి అన్నే ఉల్లిగడ్డలు, అదే సైజువి ఏరి మరీ ఇచ్చి వచ్చాను. ఎవరో మజ్జిగ పోస్తే ఆ చెంబులోనే సాయంత్రం పాలు పోసి పంపాను. ఆఖరికి మా పెసర చేనులో వాళ్లంతా వచ్చి కలుపు తీసిన రోజు, అత్తమ్మకు కాలు బాగుపడి వాళ్ల చేలకు పోయి చేసేదాకా ఎందుకు బాకీ ఉండటం అనుకుని, చీకటి పడకముందే ఒక్కొక్కరి ఇంటికి డబ్బాతో జొన్నలు కొలిచి, తలగొట్టి సమంగా ఇచ్చి వచ్చాను. వాళ్లు చేటలు పట్టి పుచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో చెప్పలేను.

ఇరవై రోజులు తిరక్కుండా పెసర పండింది. కాయ నల్లబడి గలగలమంటోంది. పడమట మబ్బు పట్టింది. పెసరకు వాన తగిలిందంటే గింజ కాయలోనే మొలకెత్తుతుంది, ఇక పప్పుకూ పనికిరాదు, విత్తనానికీ పనికిరాదు. పైగా ఆ విత్తనం అత్తమ్మ పెళ్లయి వస్తూ పుట్టింటి నుంచి కొంగులో కట్టుకొచ్చుకున్నది. దాన్ని ఏటేటా ఆపకుండా వేసుకుంటూ వచ్చింది. నేను గబగబా ఇల్లిల్లూ తిరిగి రేపు మా చేనుకు రమ్మని పిలిచాను. ఒకామెకు పిండి విసరాలట. ఒకామెకు జనవాడలో పనుందట. చివరికి ఎదురింటి వదిన, ఆమెకు మాట దాచుకోవడం తెలియదు, చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏం బదులే మరదలా? జొన్నలు కొలిచి ఇస్తివి, చెల్లుకు చెల్లాయె. ఇగ నీకు మాకు ఏమున్నది?"

ఇంటికి వచ్చి అత్తమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఏడ్చాను. జొన్నల సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. విని, కాలు నొప్పి పుట్టేదాకా నవ్వింది. కైకిలోళ్లనుకున్నవా వాండ్లను అంది. మీ విత్తనం పోతుంది అత్తమ్మా అని నేను వెక్కుతుంటే, నా కొంగుతోనే నా మొహం తుడిచి, "ఇత్తనం పోతే వదిన ఇంట్ల దొరుకుతది పిల్లా. వదిన పోతే ఏడ దొరుకుతది?" అంది. ఆమె ఆ విత్తనాన్ని ఎప్పుడో నాలుగిళ్లకు పంచిందని నాకేం తెలుసు. అప్పటిదాకా పెసర కోసం ఏడ్చినదాన్ని, అప్పటి నుంచి వదిన కోసం ఏడ్చాను. మర్నాడు వదిన చేనులో పెసర తెంపుడు పెట్టుకున్నారనీ, ఏమీ పట్టుకోకుండా ఒట్టి చేతులతో పోయి, పని రాదు నేర్పమని అడగమనీ చెప్పి అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

పిలవని చోటికి వెళ్లడం కంటే ఆ అడగడమే నాకు గండంగా తోచింది. తెల్లవారి చీర చెక్కి, ఒడి కట్టుకుని, వదిన చేను గట్టు మీద నిలబడి, నాకు కాయ తెంపడం రాదు వదినా, నేర్పుతావా అన్నాను. ఎంత మెల్లగా అన్నానో, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అయిదుగురూ నడుములు ఎత్తి చూశారు. వదిన పక్క సాలు వైపు గడ్డంతో చూపించింది. పెసరకాయను తొడిమ దగ్గర గిల్లినట్టు తెంపాలి. నేను లాగితే మొక్క మొక్కే చేతికి వచ్చింది. రెండోదీ అంతే. మూడోదానికి వదిన ఓపిక పట్టలేకపోయింది.

"మరదలా, కాయ తెంపుమన్నం గని చేను పీకుమన్నమా!"

అంతే, చేనంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వుతో సగం తగువు తీరిపోయింది. ఇక ఆ రోజంతా నేనే వాళ్లకు కాలక్షేపం. పచ్చికాయలు తెంపాననీ, వాళ్లు మూడు సాళ్లు దాటితే నేను ఒకటి కూడా దాటలేదనీ, మాస్టారు పెళ్లాం తెంపిన కాయలకు కాపీ రాసినట్టు వరుస ఉందనీ ఏడిపించారు. మధ్యాహ్నం సద్ది మూటలు విప్పాక గుర్తొచ్చింది, అత్తమ్మ ఒట్టి చేతులతో పొమ్మంటే నేను అన్నం కూడా తేలేదు. ఒకరి తర్వాత ఒకరు తలా అర జొన్నరొట్టె తుంచి నా చేతిలో పెట్టారు, దాని మీద వదిన ఇంత కారం వేసింది. పుచ్చుకుంటుంటే మొదట సిగ్గేసింది, తర్వాత ఆకలేసింది, తిన్నాక ఎందుకో చెప్పలేనంత సంతోషమేసింది. అయిదు ఇళ్ల రొట్టె నా కడుపులో ఉంది, దాన్ని ఏ గిన్నెలో నింపి తిరిగి పంపగలను?

సాయంత్రం తిరిగి వస్తూ వదిన, రేపు ఇంకొకామె చేను ఉందనీ, ఎల్లుండి మా చేనుకు వస్తామనీ, నువ్వు మాత్రం రెండింటికీ రావాలె, నీ పని చూడకుంటే మాకు పొద్దుపోదనీ అంది. మబ్బు నెత్తి మీదికి వచ్చి ఉంది. ముందు మా చేనుకు రండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆ ఇంకొక చేను గలామెకు కూడా అదే మబ్బు కదా. ఆ ఒక్క రోజూ నేను కాయ తెంపుతూ ఆకాశాన్ని చూసినన్ని సార్లు ఆ తర్వాత జన్మలో చూడలేదు. మూడో రోజు పొద్దు పొడవకముందే ఆరుగురం మా చేనులో ఉన్నాం. విత్తనానికి ఏ సాళ్లు మంచివో చెప్పబోతే, నువ్వు మాకు చెప్తవా అని వదిన కసిరి సరిగ్గా వాటితోనే మొదలుపెట్టింది. మూడో జాముకు వాన కొట్టింది. తెంపినది చీర కొంగుల కింద దాచి పరుగు తీశాం. కింది వైపు పది సాళ్లు మిగిలిపోయాయి, అవి మొలకెత్తాయి కూడా. వాడంతా ఆ మొలకల గుగ్గిళ్లు మూడు రోజులు తిన్నాం, మా బర్రె నాలుగు రోజులు తిన్నది.

ఆ చలికాలంలో వదిన కూతురికి కాన్పు కష్టమయ్యేట్టుందని తెలిసి బీదరుకు తీసుకుపోయాం. తల్లీబిడ్డలతో పాటు వదిన కూడా మా అమ్మ దగ్గరే పది రోజులు ఉంది. పోతూ పోతూ సంచెడు పెసర ఇచ్చింది. అమ్మ పాత అలవాటు కొద్దీ అప్పటికప్పుడు ఏదో ఇవ్వబోతే, ఏమ్మా, నన్ను మళ్ల రావద్దంటున్నవా అని గుమ్మంలోనే నిలదీసిందట. అమ్మ ఆ సంచి తీసి లోపల పెట్టుకుంది. నాకు తెలిసి మా అమ్మ ఎవరిదైనా తన మీద ఉంచుకోవడం అదే మొదలు. ఆ తర్వాత వదిన బీదరు వచ్చిందంటే మా ఇంటికి రాకుండా, మా అమ్మ చేత తలకు నూనె రాయించుకోకుండా పోయింది లేదు.

ఇప్పుడు ఆ వైపు పెసర తక్కువ, ఎటు చూసినా సోయానే. యంత్రం వచ్చి మూడెకరాలు పొద్దుటి పూటే కోసి, నూర్చి పోస్తుంది, మాపటికి సరుకు బీదరు ధాన్యపు బజారు గాంధీ గంజ్‌లో ఉంటుంది. నేను దాన్ని తిట్టను. ఆడవాళ్ల నడుములకు అది చేసిన మేలు నా నడుముకు తెలుసు. ఊరు విడిచిన ఇన్నేళ్లకు పోయిన నెల ఒక పెళ్లికి అక్కడికి వెళ్తే, వదిన వాకిట్లో మంచం మీద ఎండకు కూర్చుని ఉంది. ఎనభై దాటింది, నోరు మాత్రం అలాగే ఉంది, చేను పీకిన మరదలు వచ్చిందని మనవరాళ్లను పిలిచి చూపించింది. కడుపునిండా నవ్వుకున్నాక, ఇన్నేళ్లలో ఒక్కసారి రమ్మని కబురు పెట్టలేదేం వదినా అని నిష్ఠూరమాడాను. ఆమె నా చేతిని తన ఒళ్లోకి లాక్కుని కాసేపు వేళ్లు నిమిరింది.

"పనే లేకపాయె మరదలా. ఏం సాకు జెప్పి పిలవాలె నిన్ను?"