డ్రైవరు గారి పరిచర్య

పిల్లలు పుట్టి, వాళ్ళకు పెళ్ళిళ్ళయి, మనవలు బడికి పోతున్నా, టీచరమ్మ తన భర్తతో వరసగా వారం రోజులు కాపురం చేసిన పాపాన పోలేదు. ఆయన దూరప్రాంతపు బస్సుల డ్రైవరు. ఇవాళ వెళ్తే ఎల్లుండి రావడం, తిని పడుకోవడం, లేచి మళ్ళీ బస్సెక్కడం. ఆవిడ చిన్నపిల్లల బళ్ళో పాఠాలు చెప్పేది. ఇద్దరూ రిటైరయ్యాక వాళ్ళ చర్చి సంఘం వాళ్ళు ఒక పెద్దవయసు జంట కోసం వెతికారు. దూరపు ఊళ్ళో ఒక చిన్న చర్చి ఉంది, ఏడాదిన్నరపాటు అక్కడే ఉండి పరిచర్య చెయ్యాలి. మాట పూర్తి కాకముందే టీచరమ్మ చెయ్యెత్తేసింది.

"నన్నో మాట అడగాలనిపించలేదా?" అన్నాడాయన ఇంటికొచ్చాక.

"అడిగితే ఏమనేవారు?"

"ఏమీ అనేవాణ్ణి కాదులే."

"మరింకేం!"

చర్చి వెనకాల రెండు గదులిచ్చారు. ఒక గదిలో మంచం, రెండో గదిలో పొయ్యి, బల్ల, కుర్చీలు. అందులో పొద్దస్తమానం ఇద్దరే. ఆయన గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తాడని ఆవిడకు అప్పుడే తెలిసింది. తెల్లారకముందే లేచి, కిటికీ అద్దాన్ని తడిగుడ్డతో ఈ చివర్నించి ఆ చివరికి తుడుస్తాడనీ తెలిసింది. తడి తువ్వాలు కుర్చీ మీద ఆరేస్తే మాత్రం ఊరుకునేది కాదు. "ఇది బస్సు సీటు కాదండీ, మనుషులు కూర్చోవాలి!" అనేది. ఆయన నవ్వి తీసేవాడు, మర్నాడు మళ్ళీ అక్కడే వేసేవాడు.

పరిచర్యకు వచ్చిన జంట ఎక్కడికెళ్ళినా కలిసే వెళ్ళాలని సంఘం నియమం. ఇళ్ళకు వెళ్ళినప్పుడు మాటలన్నీ ఆవిడవే. ఆయన బైబిలును చంకలో పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి నిలబడి, ఎవరేమన్నా తలూపేవాడు.

"ఒక్క ముక్క మాట్లాడితే మీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?" అని దారిలో సణిగేది.

"నువ్వు సందిస్తే కదా."

ఆ వీధి చివర ఒక లాండ్రీ ఉంది. దాన్ని నడిపే ఆవిడ భర్త ఆరాధనలో పాటలు పాడేవాడట. ఆయన పోయినప్పట్నించీ ఆవిడ చర్చి గుమ్మం తొక్కలేదు. ఒకసారి పలకరించమని పాస్టరు గారు చెబితే ఇద్దరూ వెళ్ళారు. లాండ్రీ ఆవిడ చేతిలోని ఇస్త్రీపెట్టె కింద పెట్టలేదు. హోటలు దుప్పట్లు గుట్టగా పడున్నాయి. టీచరమ్మ ఓదార్పు గురించి మొదలుపెట్టి, ఒక బైబిలు వాక్యం చెప్పి, ఇంకో వాక్యానికి వెళ్ళబోయింది.

"దేవుడి సంగతి నాకు చెప్పకండి," అంది లాండ్రీ ఆవిడ తలెత్తకుండానే. "నాకూ ఆయనకూ మాటల్లేవు."

టీచరమ్మ మొహం చిన్నబోయింది. లేవబోతుంటే వెనకనించి భర్త గొంతు వినబడింది.

"ఆ వ్యాను కదిపి ఎన్నాళ్ళయిందమ్మా?"

పెరట్లో ఒక పాత వ్యాను టైర్లు కుంగిపోయి, దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"ఆయన పోయిన రోజు నించీ అక్కడే ఉంది. నాకు నడపడం రాదు. మూటలు మోయలేక సగం హోటళ్ళు వదులుకున్నా. అమ్మడానికేమో మనసొప్పదు."

"రేపొచ్చి చూస్తా."

దారంతా టీచరమ్మ చెడామడా తిట్టింది. "మనం వచ్చింది ప్రార్థన చెయ్యడానికా, మెకానిక్ పనికా?"

"బ్యాటరీ పోయుంటుంది," అన్నాడాయన.

రెండు రోజులు వ్యాను కింద పడుకుని చేతులు నల్లగా చేసుకున్నాడు. మూడో రోజు ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది. ఆ చప్పుడు వినగానే లాండ్రీ ఆవిడ చేతిలోని దుప్పట్లో మొహం దాచుకుంది.

అప్పట్నించి రోజూ పొద్దున్నే ఊరవతల ఖాళీ స్థలంలో డ్రైవింగ్ పాఠాలు. నియమం నియమమే కాబట్టి టీచరమ్మ వెనకసీట్లో మూటల మధ్య కూర్చునేది. "క్లచ్చి మీంచి కాలు లాక్కోకండి, మెల్లగా వదలండి. ఆఁ, అదీ. బండి ఏమంటోందో వినండి. తొందరేం లేదు." తన మొగుడి నోట్లో ఇన్ని మాటలున్నాయా అని ఆవిడకు ఆశ్చర్యం. కాస్త కుళ్ళు కూడా.

ఒకరోజు రద్దీ కూడలి మధ్యలో బండి ఆగిపోయింది. వెనక హారన్లు మోత మోగించాయి. లాండ్రీ ఆవిడ స్టీరింగు మీద తల వాల్చేసింది.

"ఆ రోజు ఆయన ఈ పక్కసీట్లోనే కూర్చున్నాడు. గుండె పట్టుకుని, అంబులెన్సు కోసం చూస్తూ. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. నాకు నడపడం వచ్చుంటే..."

టీచరమ్మ నోటిదాకా ఒక వాక్యం వచ్చింది. వచ్చి, ఆగిపోయింది. ముందుకు వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయింది. డ్రైవరు గారు కిందికి దిగి, వ్యాను వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఒక లారీవాడు నానా మాటలూ అన్నాడు. ఈయన చాపిన చేతులు దించలేదు. కాసేపటికి కిటికీ దగ్గరికొచ్చి, "మీ ఇష్టమమ్మా, ఎంతసేపైనా ఏడవండి. రోడ్డు వాళ్ళొక్కళ్ళదే కాదు," అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తాళం తిప్పింది.

లైసెన్సు వచ్చింది. హోటళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఆవిడ మాత్రం చర్చికి రాలేదు. అయితే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలను ఆదివారాలు వ్యానులో ఎక్కించుకొచ్చి, గుమ్మం దగ్గర దింపి, తను బయటే కూర్చునేది.

"వెళ్ళి పిలవనా?" అంది టీచరమ్మ.

"బండి దిగాలనిపిస్తే ఆవిడే దిగుతుందిలే."

చాలా వారాలు దిగలేదు. చలి ముదిరిన ఒక ఆదివారం పాట మధ్యలో వచ్చి, ఆఖరి బెంచీ మీద కూర్చుంది. తర్వాత కొన్ని వారాలు వచ్చింది, కొన్ని వారాలు రాలేదు. టీచరమ్మ అడగలేదు. అడగకుండా ఉండడం ఆవిడ కొత్తగా నేర్చుకున్న విద్య.

గడువు తీరి తిరిగి వెళ్ళే రోజు లాండ్రీ ఆవిడే ఇద్దరినీ వ్యానులో స్టేషనుకు తీసుకెళ్ళింది. ముందు సీటు సామాన్లతో నిండిపోతే, మొగుడూ పెళ్ళాం వెనక సర్దుకున్నారు. జీవితమంతా బండెక్కితే కునుకు తియ్యని మనిషి ఊరు దాటకముందే భార్య భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టాడు.

"వదినా, అన్నయ్యగారు పడుకున్నారా?" అంది లాండ్రీ ఆవిడ గొంతు తగ్గించి.

"పడుకున్నారమ్మా. మెల్లగా పోనీ," అంది టీచరమ్మ.