చుట్టుదారిన వచ్చే ఆటో

మా ఆయన తాగుడు మానింది దేవుని దయవల్ల. మళ్ళీ మొదలుపెట్టింది మా చర్చి సంఘం దయవల్ల. ఈ మాట పైకి అంటే నా మీదికి లేచేవాళ్ళు చాలామంది ఉన్నారు. అయినా రాస్తున్నాను. మింగి మింగి గొంతు చేదెక్కింది.

ఆయన కాజీపేట, హనుమకొండ మధ్య ఆటో నడుపుతాడు. మా ఇల్లు సుబేదారిలో ఒక సందులో. ఆటో స్టాండు నుంచి ఇంటికి సీదా దారి ఒకటి ఉంది. ఆ దారి మలుపులోనే వైన్స్. పొద్దుగూకేసరికి అక్కడ బండ్లు సగం రోడ్డును మింగేస్తాయి. పక్కనే ఉడకబెట్టిన గుడ్లు, పల్లీలు, వేపిన బోటి అమ్మే బండి. మానేసిన రోజు నుంచి ఆయన ఆ దారి వదిలేశాడు. వెనక కాలనీల్లోంచి చుట్టూ తిరిగి, మా సందుకు అవతలి కొసనుంచి వచ్చేవాడు. స్టాండులో తోటి డ్రైవర్లకు ఇదొక తమాషా.

"ఏందన్నా, గా వైన్స్ నిన్ను కరుస్తదా?" అనేవాళ్ళు.

"కరుస్తది," అనేవాడు ఈయన, నవ్వకుండా.

దారి ఒక్కటే కాదు. దావతుకు పోతే అందరికంటే ముందు ఆడవాళ్ళ బంతిలో కూర్చుని, తినేసి, మగవాళ్ళు గుమిగూడకముందే బయటపడేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉండేది. సాయంత్రమైతే చాలు, చిటికెడు నోట్లో వేసుకుని నములుతూ కూర్చునేవాడు. మందు పేరు నోటితో పలికేవాడు కాదు, "అది" అనేవాడు. ఒకసారి నేనే అడిగాను, మానేసి ఏండ్లయింది కదా, ఇంకా ఈ భయమేందయ్యా అని.

"నేను గట్టోణ్ణి కాదే. గట్టోడైతె ఎదురుంగ పోతడు. నాకు తెల్సింది పక్కకు జరుగుడే," అన్నాడు.

నాకు ఆ మాట చాలా నచ్చింది. బైబిల్లో, అన్నలు అమ్మేస్తే ఐగుప్తులో బానిసగా బతికిన కుర్రవాడి కథ మా సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. యజమాని భార్య బట్ట పట్టుకుని లాగిన ఆ గడియలో ఆ కుర్రవాడు నిలబడి తన భక్తిని చూపించుకోలేదు. బట్ట ఆమె చేతిలోనే వదిలేసి బయటికి ఉరికాడు. పరలోక ప్రార్థనలో మేం వారం వారం అడిగేది కూడా అదే కదా, మమ్మల్ని శోధనలోకి, ఆశపెట్టి పడదోసే చోటికి, తీసుకుపోవద్దని. శోధన ముందు నిలబెట్టి మాకు చప్పట్లు కొట్టించమని ఎవరూ అడగరు. మా ఆయన చుట్టుదారి నాకు ఆ ప్రార్థనలాగే కనిపించేది.

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పడం అని ఒకటుంది. దేవుడు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పడం. మంచి ఆచారమే, నేను కాదనను. మొదటిసారి మా ఇంట్లో పెట్టిన ప్రార్థన కూటంలో ఈయన్ని చెప్పమన్నారు. లేచి, "నేను తాగెటోణ్ణి. ఇప్పుడు తాగుతలేను. దేవునికి స్తోత్రం," అని కూర్చున్నాడు. ఎవరికీ ఆనలేదు. పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. మా సంఘపెద్ద మాత్రం ఊరుకోలేదు.

"తమ్మీ, గట్ల కాదు. జర వివరంగ చెప్పాలె. ఎట్ల తాగెటోనివి, ఇంట్ల ఎట్ల కొట్టెటోనివి, అన్ని చెప్పాలె," అన్నాడు.

ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు. తాగొచ్చి మంచం మీద పడి తనకు తానే ఏడ్చే రకం. అయినా రెండు మూడు కూటాలు తిరిగేసరికి సాక్ష్యంలోకి దెబ్బలు వచ్చాయి. నేను ముందు వరసలో కూర్చుని ఉండగానే మైకులో చెప్పాడు, నా జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడని. ఆడవాళ్ళంతా నావైపు తిరిగి ముక్కు చీదారు. ఒకావిడ కూటం అయ్యాక నా చేతులు తడిమి చూసింది. ఎక్కడైనా మచ్చ ఉందేమోనని కాబోలు. ఒళ్ళు మండింది నాకు.

ఇంటికొచ్చి నిలదీశాను. "నన్నెప్పుడు కొట్టినవయ్యా నువ్వు?"

"ఉట్టిగ తాగిండంటె జనం కదులుతలేరని అయ్యగారు అన్నరే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

అలా మొదలైంది. ధర్మసాగర్ వైపు పల్లెల్లో సువార్త కూటాలు పెడితే ఈయన్ని తీసుకుపోయేవాళ్ళు. పొలంలో టెంటు, ట్యూబులైట్లు, కీబోర్డు, పాటలు, తర్వాత ఈయన సాక్ష్యం, ఆ తర్వాత అయ్యగారి ప్రసంగం. మారుమనసు పొందిన ముక్క ఎంత చెప్పినా జనం దగ్గుకుంటూ ఉండేవాళ్ళు. తాగుడు ముక్క రాగానే నిశ్శబ్దం. అందుకని ఆ ముక్క పెరుగుతూ పోయింది. సాయంత్రం ఒంట్లో మొదలయ్యే గుంజుడు, మూత తిప్పినప్పటి చప్పుడు, మొదటి గుక్క గొంతులో కాలుతూ దిగడం, ఆ తర్వాత లోకమంతా మెత్తబడడం. బాగా చెప్పేవాడు. ఏండ్ల తరబడి పేరైనా ఎత్తని మనిషి దాన్ని వర్ణించడంలో ఆరితేరాడు. సంఘం మురిసిపోయింది.

నేను మాత్రం ఆయన్ని ఇంట్లో చూస్తున్నాను. కూటం అయిన మర్నాడు అన్నం సరిగ్గా తినడు. పిలిస్తే పలకడు. ఒక ఉదయం వాకిట్లో ఆటో కడుగుతున్నవాడు కడగడం ఆపి, నా ముఖం చూడకుండా అన్నాడు.

"చెప్తాంటె నోట్ల నీళ్ళు ఊరుతానయే. ఇంత దూరం తిరిగి తిరిగి మర్సిపోయిన. వాళ్ళు మైకు ఇయ్యంగనె మల్ల మొదటికస్తాంది."

"మరి చెప్పనని చెప్పు."

"అయ్యగారి మాట ఎట్ల కాదంటనే? నా కోసం ఉపాసం ఉన్న మనిషి ఆయన."

అది నిజమే. అయ్యగారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువయ్యేది, నాలుగు తిట్టి గుడి మారేవాళ్ళం. నేనే పోయి ఆయన్ని కలిశాను, సాక్ష్యాలు ఆపించమని అడిగాను, మా ఆయనకు నోరూరుతోందని ఉన్నదున్నట్టు చెప్పాను.

"అమ్మా, శోధన వచ్చినప్పుడు నిలబడాలె. పారిపోతే సైతాను నవ్వుతడు," అన్నారు.

"నిలబడాలె, సరే అయ్యగారు. కని ఆయన్ని తోల్కపోయి దాని ముంగట నిలబెట్టేది మీరే కదా," అన్నాను.

అయ్యగారి భార్య, మా అమ్మగారు, లోపలినుంచి టీ తెచ్చింది. అయ్యగారు నవ్వి, "మీరు గూడ మంచిగ ప్రసంగం చేస్తరమ్మా," అన్నారు. ఐగుప్తు కుర్రవాడి కథ ఎత్తుదామనుకుని ఊరుకున్నాను. ఆ కథ నాకు నేర్పింది ఆయనే. దాని మీద గంటసేపు ప్రసంగించిన మనిషికి, దాని అర్థం తన ఎదురుగా ఆటో నడుపుతూ కనిపించలేదు.

ఆ ఎండాకాలం పెద్ద కూటాలు తలపెట్టారు. ఖిలా వరంగల్ వైపు ఒక మైదానం మాట్లాడారు. ఫ్లెక్సీల మీద మా ఆయన ఫొటోలు రెండు వేస్తామన్నారు, మునుపు ఒకటి, ఇప్పుడు ఒకటి. ఇప్పటిదానికి తెల్లచొక్కా, చేతిలో బైబిలు. మునుపటిది మా దగ్గర లేదు. తాగి పడిపోయినవాణ్ణి ఫొటో తీసి దాచుకునే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? అయితే తీద్దాం అన్నారు మా సంఘంలోని యూత్ కుర్రాళ్ళు.

మందిరం వెనక, మధ్యాహ్నం ఎండలో తీశారు. పాత చొక్కా వేయించి బొత్తాలు ఊడదీశారు. జుట్టు చెరిపారు. గోడకు ఆనించి కూర్చోబెట్టి చేతిలో సీసా పెట్టారు. ఖాళీ సీసాయే, ఎక్కడో రోడ్డు పక్కన ఏరుకొచ్చారట. దాని అడుగున ఇంకా తడి ఉంది, మూత తీస్తే గుప్పుమంది. ఆ సీసాను నోటి దగ్గర పెట్టుకొమ్మన్నారు. ఇంకొంచెం ఎత్తు అన్నా, ఇంకొంచెం, ఆ అట్లనే అన్నారు. ఇదంతా తర్వాత ఆయనే చెప్పాడు. ఏం చేస్తున్నామో ఒక్కరికీ తట్టలేదు. ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతో ముగించారట కూడా.

ఆ సాయంత్రం నేను వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. ఆటో చప్పుడు వినిపించింది. రోజూ వినిపించే కొసనుంచి కాదు, ఇవతలి కొసనుంచి. వైన్స్ వైపు నుంచి. తల ఎత్తి చూడకముందే నాకు తెలిసిపోయింది. చేట పక్కన పెట్టి లోపలికి పోయి, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

మర్నాడు ఆయన తనంతట తానే పోయి అయ్యగారి ముందు ఒప్పుకున్నాడు. అయ్యగారు చాలాసేపు ప్రార్థన చేశారట. చేసి, "ఫ్లెక్సీలన్ని కట్టినం కదా. కూటాలు కానియ్యి, తర్వాత చూద్దాం. ఎవరికీ చెప్పకు," అన్నారట. మా ఆయన సీసా ఎత్తిన ఫొటో సుబేదారిలో, కాజీపేటలో, కోట దారిలో వేలాడుతుంటే, దాని కిందనుంచే తాగి ఆటో నడుపుకుంటూ వచ్చేవాడు. కూటాల్లో సాక్ష్యం చెబుతూ ఆయన ఏడ్చినట్టు ఇంకెప్పుడూ ఏడవలేదు. జనం హల్లెలూయ అని కేకలు పెట్టారు. ముందు వరసలో నాకు సోంపు వాసన కొట్టింది. నోరూరకుండా నమిలే సోంపు కాదది, నోటి కంపు దాచే సోంపు.

దాగే సంగతి కాదు కదా. తెలిశాక సంఘం తన పని తాను చేసింది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లలో మా ఆయన చేయి వేయకూడదన్నారు. ఒక ఆదివారం, వదిలిపోయిన దయ్యం ఇంకొన్నింటిని వెంటేసుకుని తిరిగొచ్చే కథ మీద ప్రసంగం చేశారు. అందరూ మావైపు చూడకుండా చూశారు. ఆ దయ్యానికి తలుపు తీసిందెవరో ఎవరూ అడగలేదు.

చివరికి కడుపు ఉబ్బి దవాఖానలో పడ్డాడు. బతికి బయటపడ్డాడు. ఇంటికొచ్చి, లేచి తిరగగలిగినప్పుడు, ఒకరోజు ఆటో చప్పుడు అవతలి కొసనుంచి వినిపించింది. నేను బయటికి రాలేదు. అన్నం పెట్టాను. మర్నాడు కూడా అటునుంచే వచ్చింది. మా ఇద్దరి మధ్య ఆ సంగతి మాటల్లోకి రానే లేదు, నేను రానివ్వలేదు.

మొన్నీమధ్య సంఘపెద్ద ఇంటికొచ్చాడు. వాకిట్లో కుర్చీ వేశాను.

"అమ్మా, తమ్ముడు మల్ల మానిండని విన్న. దేవునికి స్తోత్రం! పడి లేచినోని సాక్ష్యం ఇంక గట్టిగుంటది. అయ్యగారు గూడ అంటాన్రు. బల్లలకు గూడ తీసుకుందామంటాన్రు," అన్నాడు.

తలుపు వెనక మా ఆయన ఉన్నాడు. బల్ల మాట విన్నాడని నాకు తెలుసు. తాగినన్నాళ్ళూ ఆయన ఏడ్చింది దాని కోసమే.

"ఎవలు చెప్పిన్రయ్యా? యాడ మానిండు, తాగుతాండు," అన్నాను.

పెద్దమనిషి ముఖం వాడిపోయింది. "అయ్యో. ప్రార్థన చేస్తమమ్మా."

"చెయ్యిండ్రి. పేరు మాత్రం మైకుల చెప్పకుండ్రి."

ఆయన పోయాక లోపలికి పోతే, మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "మంచిగ చెప్పినవే," అని ముఖం తువ్వాలలో పెట్టుకున్నాడు.

నెలకోసారి బల్ల ఉంటుంది. రొట్టె పళ్ళెం మా వరసకు వచ్చి, ఆయన్ని దాటి పక్క మనిషి దగ్గరికి పోతుంది. ఆయన తల వంచుకుని జేబులో సోంపు పొట్లం తడుముకుంటాడు. అబద్ధమాడినదాన్ని కాబట్టి నేనూ తీసుకోను. పళ్ళెం అలా దాటిపోయిందంటే ఆయన తాగని నెల ఇంకొకటి గడిచినట్టు. ఆరాధన అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా బయటికొచ్చి ఆటో ఎక్కుతాం. ఆయన చుట్టుదారి పట్టిస్తాడు.