పడవలో పెట్రోలు వాసన

మేమిద్దరం బ్రిస్బేన్‌లో మాస్టర్స్ చదువుతున్న రోజులు. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి వేసవి సెలవులకి మా ఆయన ఒక మోటారు పడవ సంపాదించాడు. వారాంతాల్లో తను పనిచేసే టైర్ల షాపు ఓనరుదది. రెండ్రోజులు వాడుకోమని ఊరికే ఇచ్చాడట. అంత ఖరీదైన పడవని ఊరికే ఎవరిస్తారు అనుకున్నాను.

"ఆయనకి నేనంటే ఇష్టం. బోట్ లైసెన్స్ తీసుకోమని వెంటపడింది కూడా ఆయనే. నీకన్నీ అనుమానాలేనే," అన్నాడు. మేం బీటెక్ నుంచీ క్లాస్‌మేట్లం. అడక్కముందే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉంటే నాకు నమ్మబుద్ధి కాదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా అద్దె గదిలోంచి పులిహోర, అరటిపళ్ళు, దుప్పట్లు సర్దుకుని బయల్దేరాం. పడవ చిన్నదే. ముందు ఇద్దరు పడుకునేంత చోటు, వెనక అడుగున ఇంజిను, దాని మీద మూత. ఆ రోజు మార్టన్ బే సముద్రంలో అలలు కూడా పెద్దగా లేవు. ఒక దీవి పక్కన లంగరు వేసి పులిహోర తిన్నాం. హాయిగా ఉండాల్సిన రోజే. కానీ ఇంజిను స్టార్ట్ చేసే ప్రతిసారీ అతను ముందు ఆ మూత ఎత్తి, కాసేపు దిక్కులు చూస్తూ నిలబడేవాడు.

"ఎందుకలా?"

"గాలి తగలాలి."

"కారుకి కూడా బానెట్ ఎత్తి గాలి తగిలిస్తావా?"

"కారు వేరు, బోట్ వేరు."

సాయంత్రం పడవలు నిలిపే ఒక మెరీనాలో మా పడవ కట్టేశాం. రాత్రికి అక్కడే బస. నేను స్నానం చేసి వచ్చేసరికి అతను రేవు చివర నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. "స్మెల్ ఇంకా వస్తోంది బాస్" అని ఇంగ్లీషులో అంటున్న ముక్క చెవిన పడింది. నన్ను చూడగానే ఫోను పెట్టేశాడు.

"ఏం స్మెల్?"

"ఇక్కడి బాత్రూములది."

"నేను అక్కణ్ణుంచే వస్తున్నా. అద్దంలా ఉన్నాయి."

అతను మాట మార్చాడు. నాకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

పొద్దున మెరీనా బంకు దగ్గర పెట్రోలు పోయించుకున్నాం. వెనక ఇంకో పడవ వాళ్ళు తొందరపెడుతున్నారు. ఈసారి అతను మూత ఎత్తకుండానే స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. అప్పుడే గుప్పుమని పెట్రోలు వాసన కొట్టింది. గ్యాస్ వాసన వస్తే స్విచ్చు మీద చెయ్యి వెయ్యకూడదని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పారు. ఒక్క ఉదుటున వెళ్ళి తాళంచెవి లాగేసుకున్నాను.

"ఏంటిది? అందరూ చూస్తున్నారు, ఇటివ్వు."

"దగ్గరికొచ్చావంటే నీళ్ళలో పడేస్తా. ఆ మూత తియ్యి ముందు."

మా గొడవకి బంకులో పనిచేసే ఆవిడ పరుగున వచ్చింది. తనే మూత ఎత్తింది. ఇంజిను కింద, పడవ అడుగున చేరిన నీళ్ళ మీద రంగురంగులుగా పెట్రోలు తేలుతోంది. ఆవిడ పంపు ఆపేసి, అందరినీ దూరంగా పొమ్మని కేకలు వేసింది. తాళం తిప్పి ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, పడవ పేలిపోయేదంది. మా ఆయన రేవు మీదే కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి ఓనరు వచ్చాడు. పెట్రోలు పైపు ఎప్పటినుంచో కారుతోందట. "స్టార్ట్ చేసేముందు మూత తీసి గాలి ఆడనిమ్మని చెప్పాను కదా, మేట్," అని మా ఆయన భుజం తట్టాడు, అదేదో చిన్న సంగతైనట్టు. నేను మా ఆయన వైపు చూశాను.

"నీకు ముందే తెలుసన్నమాట."

"చెబితే నువ్వు రావని..."

పడవని ఓనరుకి వదిలేసి రైలెక్కాం. రోమా స్ట్రీట్ స్టేషన్లో రైలు మారాం. అతను రెండుసార్లు సారీ చెప్పాడు. చివరికి అడిగాను: "నాకు చెప్పనివి ఇంకేమైనా ఉన్నాయా?"

కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

"నాకు ఈత రాదు," అన్నాడు.

ఎదుటి సీట్లోని పిల్ల ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వాను. అతనూ నవ్వాడు. కానీ ఇల్లు చేరేదాకా, ఇంకేదో మిగిలే ఉంటుందని అతని ముఖం చూస్తూనే ఉన్నాను.