ఓడలో మూడో చోటు

మా తోడికోడలు నన్ను ఓడ ఎక్కమని ఒక్కసారే అడిగింది. నేను వద్దన్నాను.

మా ఇళ్ళలో ఎవరూ మొదటిసారికి ఔననరు. ఇంకొంచెం అన్నం పెట్టమంటావా అంటే చాలంటాం. వడ్డించేవాళ్ళు ఆ మాట చెవిన వేసుకోకుండా పెట్టేస్తారు, మేం తినేస్తాం. పెళ్ళికి నాలుగు రోజుల ముందే రమ్మంటే ఇంట్లో పనులున్నాయంటాం. నువ్వు లేకపోతే ఎలాగని మళ్ళీ అంటారు, అప్పుడు పెట్టె సర్దుకుంటాం. మొదటి పిలుపుకే లేచే ఆడదాన్ని మా అత్తగారు 'గుమ్మంలోనే కూసుందేటి' అనేవారు. బరంపురంలో నలభై ఏళ్ళుగా నేను ఇలాగే బతికాను, ఎప్పుడూ నష్టపోలేదు.

మా మరిదీ తోడికోడలూ హైదరాబాదులో ఉంటారు. విశాఖలో ఓడ ఎక్కి, పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దిగే విహారయాత్రకు వాళ్ళు చోటు తీసుకున్నారు. ఎలాగూ ఇంత దూరం వస్తున్నాం కదా, ముందు రెండు రోజులు బరంపురంలో ఆగి గంజాంలోని పాత రాజుల చోట్లు చూస్తామన్నారు. వాళ్ళ గది ముగ్గురిది. మూడో మనిషి తోడికోడలి సొంత అక్క. సరిగ్గా వారం ముందు ఆవిడ నడుం పట్టేసి మంచం ఎక్కింది. ఈ సంగతి మరిది మా ఆయనకు ఫోనులో చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను. ఆ పూట పప్పు అడుగంటింది.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదువంతా బడా బజార్ వెనకున్న పాత తెలుగు గ్రంథాలయంలోనూ, మా ఆయన పనిచేసిన రైల్వేవాళ్ళ చదువుగదిలోనూ సాగింది. చెదలు తినగా మిగిలిన పుస్తకాలన్నీ చదివాను. ఒడియా లిపి దుకాణాల బోర్డులు చూసి నేర్చుకుని, ఆ పుస్తకాలూ మొదలుపెట్టాను. రాజులంటే ఇష్టం, ఓడలంటే అంతకంటే ఇష్టం. గోపాల్‌పూర్ దగ్గర ఒకప్పుడు రంగూన్ ఓడలు ఆగేవనీ, అవి ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేస్తే మనుషుల్ని పడవల్లో అలల మీదుగా చేరవేసేవారనీ నాకు తెలుసు. ఏ గాలికి తెరచాప ఎటు తిప్పాలో కాగితం మీద గీసి చూపించగలను. నేను ఎక్కింది మాత్రం చిలికా సరస్సులో మోటారు పడవ ఒక్కటే. ఓడ గురించి ఏమీ తెలియని మనిషి ఓడ ఎక్కబోతోందని విన్నప్పటి నుంచి నాకు కూర్చున్న చోట కుదురు లేదు.

వాళ్ళు పొద్దుటి రైలుకు దిగారు. టీ తాగుతూ తోడికోడలు మామూలుగానే అడిగింది. "అక్కా, మా అక్క చోటు ఖాళీగా ఉంది. నువ్వొస్తావా మాతో? పేరు మార్చాలంటే రేపు సాయంత్రంలోగా చెప్పాలట."

"నాకెందుకులే సెల్లీ ఓడలూ గీడలూ," అన్నాను.

"సరే అక్కా," అని బిస్కట్టు టీలో ముంచుకుంది.

నాకు కంగారేమీ కలగలేదు. మధ్యాహ్నం లోపల మళ్ళీ అడుగుతుందనే అనుకున్నాను. ఎలా తల ఊపాలో కూడా చూసుకున్నాను. వెంటనే ఊపకూడదు. మా ఆయన వైపు ఒకసారి చూసి, ఇల్లెవరు చూస్తారని అని, అప్పుడు ఊపాలి.

భోజనాలు పెందలాడే ముగించి అద్దె కారులో జౌగడకు బయల్దేరాం. పురుషోత్తంపూర్ దాటి కాస్త లోపలికి వెళ్ళాలి. మౌర్య చక్రవర్తి కళింగను గెలిచాక రాయి మీద శాసనం చెక్కించిన చోటు. దాని మీద నేను మూడు భాషల్లో చదివాను కాబట్టి ఆ మధ్యాహ్నం నాది అనుకున్నాను. కారు నడిపేది చమఖండికి చెందిన పెద్దాయన, మన తెలుగే. దారి పొడుగునా నేను చెప్పవలసినవి వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను. తోడికోడలు కొత్త టోపీ పెట్టుకుంది. ఓడ కోసం కొన్నదట. ఆ టోపీ వైపు చూడకుండా ఉండటానికి పొలాల వైపు చూశాను.

అక్కడి పాత కోట గోడలంటే ఇప్పుడు గడ్డి మొలిచిన మట్టి దిబ్బలే. మౌర్యుల కాలంలో ఇది ఎంత పెద్ద పట్నమో చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా డ్రైవరు అందుకున్నాడు.

"ఇది లక్క కోటమ్మా. గోడలన్నీ లక్కతో కట్టినారట. సత్రువులెక్కితే జర్రున జారిపోయీవోరు. పాండవులు ఈడే ఉన్నారు."

తోడికోడలు ఫోను తీసి, మళ్ళీ చెప్పండి బాబాయ్ అంటూ ఆయన్ని వీడియో తీసింది. ఆయన జుట్టు సర్దుకుని మళ్ళీ చెప్పాడు. ఈసారి లక్క కరిగి ఏరయిందని కూడా కలిపాడు. అది లక్క కాదు మట్టి అని నేనన్నాను. ఆ మాట కూడా వీడియోలో పడిందనీ, వెనక నుంచి ఎవరో సణుగుతున్నట్టుందనీ మరిది నవ్వాడు. డ్రైవరు మీద కూడా అసూయ కలుగుతుందని అంతకుముందు నాకు తెలియదు.

శాసనం ఉన్న రాతికి పైకప్పు వేసి చుట్టూ ఇనుప చువ్వలు పెట్టారు. ఇరవై ఏళ్ళుగా బొమ్మల్లో చూసిన అక్షరాలు, ఇంత దగ్గరి ఊళ్ళో ఉండి కూడా, ఇప్పుడే మొదటిసారి ఎదురుగా చూశాను. చేత్తో తడమాలనిపించింది గానీ చువ్వలు అడ్డం. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష అని చెప్పాను. ఏ గుర్తు ఏ అక్షరమో గాల్లో వేలితో రాసి చూపించాను. మా ఆయన నీడ వెతుక్కుంటూ పోయాడు. తోడికోడలు మాత్రం నిలబడి విన్నది.

"యుద్ధం చేసినందుకు చాలా బాధపడ్డాడంటారు కదా, ఆ మాట ఇక్కడే ఉందా అక్కా?" అని అడిగింది.

ఇన్నేళ్ళ చదువుకు తగిన ప్రశ్న ఒక్కటి దొరికింది. "ఆ మాట మిగతా సోట్ల రాయించాడు సెల్లీ. ఈడ రాయించలేదు. దెబ్బలు తిన్నవోళ్ళకి ఏటని సెప్పుకుంటాడు?" అన్నాను. దాని బదులు ఇక్కడి అధికారులకు బుద్ధులు చెప్పాడనీ, జనమంతా తన పిల్లల్లాంటివాళ్ళని రాయించాడనీ వివరించాను.

ఆమె రాతి వైపూ నా వైపూ చూసింది. "నీకెన్ని తెలుసక్కా," అంది. ఏదో అడగబోతున్నట్టు పెదవి కదిలింది. వస్తోంది అనుకున్నాను. మెడ కాస్త పక్కకు వంచి సిద్ధంగా నిలబడ్డాను కూడా. ఆమె ఫోను నా చేతికిచ్చి, రాయి కనబడేలా ఒక ఫొటో తీయమంది. టోపీతో సహా తీశాను. చక్కగా వచ్చింది. అదీ నా ఖర్మ.

తిరిగొచ్చే దారిలో ఎవరూ అడగని సంగతులు కూడా చెప్పాను. ఋషికుల్య నది గురించి చెప్పాను, కంపెనీవాళ్ళ కాలంలో గంజాం ఊరు జ్వరాలతో ఎలా ఖాళీ అయిందో చెప్పాను, మరిది చిన్నప్పటి కబురేదో మొదలుపెడితే అందులో తారీఖు దిద్దాను. ఇంత తెలిసిన మనిషిని వదిలి ఓడ ఎక్కడానికి ఎవరికి మనసొప్పుతుందని నా ధీమా.

రాత్రి భోజనంలో తోడికోడలు చాలంటున్నా వంకాయకూర మళ్ళీ వడ్డించాను. ఆమె సగం వదిలేసి చెయ్యి కడుక్కుంది. అప్పుడైనా నాకు అర్థం కావలసింది.

బీరువాలోంచి రెండు నూలు చీరలు తీసి మడత మారుస్తుంటే మా ఆయన గుమ్మంలోంచి చూశాడు. "ఏటే, ఎక్కడికెల్తన్నావు?" అన్నాడు.

గాలికి పెడుతున్నానన్నాను. ఆయన నమ్మలేదు. ఎక్కాలనుంటే పొద్దున్నే ఔననకపోయావా అన్నాడు. రెండోసారి అడుగుతారు కదా అన్నాను.

"ఆయమ్మ రెండోసారి అడగదే. ఆళ్ళ ఊర్లో వద్దంటే వద్దనే. నువ్వే ఎల్లి అడుగు."

నోరు తెరిచి అడిగితే నా పరువేం కావాలన్నాను. పరువు ఇంట్లో పెట్టి ఓడెక్కమన్నాడు ఆయన. ఆయనకు సులువే. చిలికాలో పడవ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఓడ మీద ఆశ లేదు. పక్క గదిలో తోడికోడలు ఎవరితోనో ఫోనులో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ నవ్వు కూడా ఓడదే అనిపించి తలుపు దగ్గరగా వేశాను. అడగడమంటూ ఉంటే రేపు అడగొచ్చు, సాయంత్రం దాకా గడువుంది అనుకున్నాను.

మర్నాడు రంభ వెళ్ళాం. చిలికా అంచున తెల్లటి స్తంభాల పెద్ద భవనం ఉంది. మొదట కట్టించింది ఒక ఇంగ్లీషు దొర, తర్వాత ఖల్లికోట రాజులది అయింది. కారులో ఆ సంగతి నేను చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. ఎలా అడగాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. నడుం నొప్పావిడ ఎలా ఉందని మొదలుపెడితే బాగుంటుందా, లేక ఓడలో భోజనం ఎలా ఉంటుందని అడిగి అక్కడి నుంచి పోతే బాగుంటుందా? ఎటు తిప్పినా చివరి మాట అడుక్కోవడం లాగే వచ్చింది. వంట్లో బాగాలేదా అక్కా అని ఆమె రెండుసార్లు అడిగింది. అది మాత్రం రెండుసార్లు అడిగింది!

భవనం చూశాక అన్నదమ్ములిద్దరూ టీ తాగడానికి వెళ్ళారు. మేమిద్దరం రేవు మెట్ల మీద కూర్చున్నాం. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. కూడబలుక్కున్న మాటలన్నీ వదిలేసి నేరుగా అడిగాను.

"సెల్లీ, ఆ మూడో సోటు ఎవులికైనా ఇచ్చేసావా?"

"నిన్న రాత్రే ఇచ్చేశానక్కా. మా పైఅంతస్తు ఆవిడకు. రాయి దగ్గర ఫొటో పంపితే చూసి ఫోన్ చేసింది. రేపు విమానంలో విశాఖ వచ్చేస్తుంది." అని ఆగి నా ముఖం చూసింది. "ఎందుకక్కా? నువ్వు వద్దన్నావు కదా."

"ఒక్కసారే కదా అన్నాను."

"ఎన్నిసార్లు అడగాలి?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగా తెలియకే అడిగింది. మా ఇళ్ళ పద్ధతి చెప్పాను. అన్నం సంగతీ, పెళ్ళి పిలుపుల సంగతీ చెప్పాను. చక్రవర్తి శాసనం కంటే ఇది చెప్పడమే కష్టమైంది. ఆమె వింటూ వింటూ నా మోచెయ్యి పట్టుకుంది.

"నిన్న రాయి దగ్గర మళ్ళీ అడుగుదామనే అనుకున్నానక్కా. అంతలో భయమేసింది. నువ్వన్నీ చదివినదానివి. నాతో ఆ గదిలో కూర్చుని ఏం మాట్లాడతావు? నాతో రావడం ఇష్టం లేదని నా ముఖం మీదే చెబుతావేమో అనిపించింది."

అక్కడే ఓడవాళ్ళకు ఫోను చేసింది. గదులన్నీ నిండిపోయాయి, ఇంకో మనిషికి చోటు లేదన్నారు. ఆమె కళ్ళు చెమర్చాయి. నాకు అదీ నచ్చలేదు. ఓడా ఆమెదే, కన్నీళ్ళూ ఆమెవేనా? అటు తిరిగి, నీళ్ళ అవతల ఉన్న కొండలు తూర్పు కనుమల కొసలని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే స్టేషన్లో వాళ్ళను విశాఖ రైలు ఎక్కించాం. బరంపురం పట్టుచీర ఒకటి ఆమె చేతిలో పెట్టాను. మనస్ఫూర్తిగానే పెట్టాను గానీ, అది ఓడ మీద కట్టుకుంటుందని గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం వదల్లేదు. వచ్చే ఏడు నిన్నే ముందు తీసుకెళ్తానక్కా అంది. వద్దనలేదు, తప్పకుండా వస్తానన్నాను. మా ఆయన నా వైపు వింతగా చూశాడు.

కిటికీ దగ్గరికి వెళ్ళి, రాత్రంతా నిద్ర పట్టనివ్వని మాట అడిగేశాను. "ఆ పైఅంతస్తు ఆవిడ ఎన్నోసారికి ఒప్పుకుంది సెల్లీ?"

"ఎన్నోసారేంటి అక్కా? అడగడం పూర్తి కాకముందే వస్తానంది."

రైలు కదిలింది. చెయ్యి ఊపుతూ ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచాను. తోడికోడలి మీద ఉన్న మంట దారిలోనే సగం చల్లారింది. మిగిలినదంతా నేనెన్నడూ చూడని ఆ పైఅంతస్తు ఆవిడ మీదికి పోయింది. జౌగడ ఎక్కడుందో కూడా ఆవిడకు తెలిసి ఉండదు. వస్తానని ఒక్క మాట అన్నది, ఓడెక్కింది.